పాస్‌వర్డ్‌లో అతని సగం

బందరు బస్టాండు ఎదుటి ఇంటర్నెట్ సెంటర్లో మా ఇద్దరికీ కలిపి ఒకే ఈమెయిలు ఉండేది. నేను నాస్తికుణ్ణి. అతను మోపిదేవి నుంచి విభూతి పెట్టుకుని వచ్చే భక్తుడు. ఒకే వేదిక ఎక్కి దేవుడున్నాడా లేడా అని కొట్లాడుకునేవాళ్లం. గుడివాడ, పెడనల నుంచి జనం ప్రశ్నలు పంపితే, ఆదివారాలు పక్కపక్కన కూర్చుని చెరో జవాబు రాసేవాళ్లం. బంధుత్వం ఏమీ లేకపోయినా నన్ను బావా అనేవాడు.

పాస్‌వర్డ్ పెట్టేరోజు వాళ్ల ఊరి గుళ్లో ఉన్న సుబ్రహ్మణ్యస్వామి పేరు కొట్టబోయాడు.

"దివిసీమలో ఎవడైనా మొదట ఊహించే పేరు అదే. అక్షరాలూ అంకెలూ కలుపు. అర్థం ఉండకూడదు. ఎక్కడా రాయకూడదు, ఇంట్లో కూడా చెప్పకూడదు" అన్నాను.

"అయితే గుడి హుండీలా చేద్దాం బావా. రెండు తాళాలు, చెరొకరి దగ్గర. నువ్వసలే నా పేరు పెట్టి దేవుడు లేడని రాసేసే రకం!"

అలా మొదటి సగం నాది, రెండోది అతనిది. ఒకరు కొడుతుంటే రెండోవారు గోడవైపు తల తిప్పుకోవాలి.

"పెళ్లిచూపులాండీ, ఆ సిగ్గేంటి?" అని సెంటర్ నడిపే ఆవిడ నవ్వేది.

ఒక ఆదివారం అడిగాను. "ఎందుకు నమ్ముతావు? సభలో చెప్పేది వద్దు, నీ జవాబు కావాలి." నేను టీ తాగి వచ్చేసరికి టైపు చేస్తున్నాడు. నన్ను చూసి తెరకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పూర్తవలేదు బావా. మన మెయిల్లోనే దాచాను. వచ్చేవారం చూద్దువుగాని."

ఆ వారంలోనే గుండెపోటుతో పోయాడు.

నా సగం కొట్టి, దాని వెనక ఆ స్వామికి ఉన్న పేర్లన్నీ ఒక్కొక్కటే కొట్టి చూశాను. జన్మలో ఏ దేవుణ్ణీ అంతగా తలచుకోలేదు. తెరుచుకోలేదు. మోపిదేవి వెళ్లి అతని భార్యను అడిగాను.

"దేవుడి పేరు అయ్యుండదు అన్నయ్యగారూ. మీరే వద్దన్నారంటగా! నాక్కూడా చెప్పలేదు. ఈ ఒక్క విషయంలో బావ మాట కరెక్టే అన్నారు."

ఇన్నేళ్ల వాదనలో నేను అతన్ని ఒప్పించగలిగింది అదొక్కటే.

పోయినవారు వినరు, రారు. ఎక్కడ ఎవరు అడిగినా ఇదే చెబుతాను. అయినా తర్వాతి ఆదివారం సెంటర్‌కు వెళ్లాను. పక్క కుర్చీ ఎవరికీ ఇవ్వవద్దన్నాను. నా సగం కొట్టి, గోడవైపు తల తిప్పుకుని కూర్చున్నాను.