పోలమ్మ పిన్నికి చేసిన ఒక్క ఫోను

నా అబద్ధం వల్ల ఒక మనిషి చచ్చిపోయాడు. ఆ అబద్ధానికి ఇంకొకరు జైలుకు వెళ్ళారు. తొమ్మిదేళ్ళుగా ఈ రెండు మాటల్నీ నోరు దాటనివ్వలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను విజయనగరంలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. మాది భోగాపురానికి అవతల, సముద్రం ఒడ్డున ఉన్న చేపలవేట ఊరు. చదువుకునే రోజుల్లో నాకు గ్రాఫ్ థియరీ అంటే పిచ్చి. మనుషుల్ని చుక్కలుగా, వాళ్ళ మధ్య మాటల్ని గీతలుగా గీసి, ఒక కబురు అతి తక్కువ ఫోన్లతో, అతి తక్కువ సేపట్లో అందరికీ ఎలా చేరుతుందో తేల్చవచ్చు. ఒక ఏడాది తుఫాను హెచ్చరిక మా ఊళ్ళో సగం ఇళ్ళకు అందలేదు. పడవలు పోయాయి. అప్పుడు నేను ఇంటింటికీ తిరిగి, కబురు తెలిస్తే ముందు ఎవరికి చెబుతారని అడిగి, ఊరంతటినీ చార్టు మీద గీశాను.

కొన్ని ఇళ్ళకు ఏ గీతా లేదు. తక్కినవాటికి ఒక్కోదానికి నాలుగు వైపుల నుంచి కబురు వస్తుంది. నాకది దండగ అనిపించింది. అదనపు గీతలన్నీ కొట్టేశాను. ఒక్కో ఇంటికి ఒక్క ఫోనే రావాలి, అందుకున్నవాళ్ళు వెంటనే మరో ముగ్గురికి చెయ్యాలి. ముందు చెప్పండి, ఆరా తర్వాత తీయండి అని నేనే నేర్పాను. నడిమధ్య చుక్క మా పోలమ్మ పిన్ని, అమ్మ చెల్లెలు. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగే మనిషి. ఆమె మాటంటే అందరికీ గురి. ఆమెకు ఒక్క ఫోను చేస్తే పది నిమిషాల్లో ఊరంతా తెలిసిపోయేది. మరుసటి తుఫానుకు ఒక్క పడవా పోలేదు. నాకు శాలువా కప్పారు.

ఆ తర్వాతి ఏడాది పక్క ఊరితో రింగు వలల గొడవ ముదిరింది. మావాళ్ళు ఆ వలలతో పిల్లచేపల్ని కూడా ఊడ్చేస్తున్నారని వాళ్ళ కోపం. ఒక రోజు సముద్రం మీదే మా తమ్ముడు సింహాద్రి తల పగలగొట్టారు. పుట్టింట్లో ఉన్న మరదలు ఏడుస్తూ ఫోన్ చేసింది. తమ్ముడే ఆటోలోంచి మాట్లాడాడట, విజయనగరం ఆసుపత్రికి వస్తున్నాడట. అంటే బతికే ఉన్నాడని నాకు తెలుసు. ఇది మీరు గుర్తుంచుకోవాలి. నాకు తెలుసు.

స్టాఫ్ రూములో కూర్చుని ఆలోచించాను. దెబ్బ తగిలిందంటే పెద్దలు కూర్చుని రాజీ మాట్లాడతారు. ఎప్పుడూ అంతే. చచ్చిపోయాడంటే ఊరు లేస్తుంది. నాకు ఊరు లేవాలి. ఆ కోపం తమ్ముడి కోసమేనా? లేక నేను కట్టినదాని బలం ఒకసారి చూడాలన్న కోరిక ఎక్కడో ఉందా? ఎన్నిసార్లు తవ్వుకున్నా ఇది మాత్రం తేలలేదు.

“పిన్నీ, సింహాద్రిని సంపేసినారు.”

“నువ్వు సూసినావా?”

“ఆసుపత్రిలోనే ఉన్నాను. సూసినాను.”

“నా మీద ఒట్టెయ్యి.”

“నీ మీద ఒట్టు పిన్నీ.”

ఊరు మొత్తం మీద ఆరా తీసింది ఆమె ఒక్కతే. నేను ఫోన్ పెట్టేసి, సుద్దముక్క తీసుకుని క్లాసుకు వెళ్ళాను.

క్లాసు అయ్యేసరికి వీడియో వచ్చింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తమ్ముడి పడవ. దాని తాడు పట్టుకుని ఒక నడివయసు మనిషి. పక్క ఊరి ఎర్రయ్య. పడవలో నెత్తురు. మావాళ్ళకు అంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది. మొదటి తెడ్డు దెబ్బ చెవి మీద పడింది. లేవబోతే రెండోది మోకాళ్ళ మీద. ఇసకలో పాకుతుంటే ఇనప లంగరు ఎత్తి వీపు మీద వేశారు. ఎముక విరిగిన చప్పుడు ఫోన్లో వినిపించింది. ఆయన ఏదో చెప్పాలని చెయ్యెత్తి రోడ్డు వైపు చూపిస్తూనే ఉన్నాడు. ఆ చేతినీ విరగ్గొట్టారు. కొట్టినవాళ్ళు నన్ను చిన్నప్పుడు భుజాల మీద మోసినవాళ్ళు. రాళ్ళు అందించింది నాతో చదువుకున్న ఆడపిల్లలు. చివరికి ఆ ముఖంలో ముఖం లేదు.

ఆసుపత్రిలో కుట్లు వేయించుకుంటున్న తమ్ముడు నన్ను చూడగానే ఎర్రయ్య గురించే అడిగాడు. నీళ్ళలో మునిగిపోతుంటే జుట్టు పట్టి లాగి, ఒడ్డుకు తెచ్చి, ఆటో ఎక్కించింది ఆయనేనట. పడవ కొట్టుకుపోకుండా చూస్తానని అక్కడే ఉండిపోయాడట.

నేను చేసిన ఘోరం అక్కడితో ఆగి ఉంటే, కోపంలో జరిగిందని ఎప్పటికైనా సర్దిచెప్పుకునేదాన్నేమో. ఆగలేదు. ఎస్సై ఒక్కొక్కరినీ నీకెవరు చెప్పారని అడుగుతూ పోతే దారులన్నీ పిన్ని దగ్గరికి చేరాయి. పిన్ని నా పేరు చెప్పింది. నన్ను పిలిచారు. దెబ్బ తగిలిందని మాత్రమే చెప్పానన్నాను. అంతటితో ఊరుకోలేదు. కాగితం అడిగి తీసుకుని చుక్కలు గీసి, గీతలు గీసి, కబురు ఒక చెవి నుంచి ఇంకో చెవికి వెళ్ళేటప్పుడు ఎలా మారిపోతుందో ఆయనకు పాఠం చెప్పాను. ఆయన తల ఊపాడు. లెక్కల మేడం కదా.

పిన్ని స్టేషన్లో గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. అంతా విన్నది. అరుస్తుందనుకున్నాను. చీరకొంగుతో ముఖం తుడుచుకుని ఎస్సైతో అంది:

“మా పిల్ల అబద్దం ఆడదు బాబూ. నా సెవే తప్పిన్నాదేమో.”

నన్ను కాపాడటానికి అనలేదు. నిజంగానే నమ్మింది.

పుకారు పుట్టించిందన్న కేసులో, కొట్టినవాళ్ళతో పాటు నాలుగు నెలలు జైల్లో ఉంది. బెయిలు మీద బయటికొచ్చాక గంప ఎత్తలేదు. బేరం అడిగితే సరిగ్గా విన్నానో లేదోనని భయం. ఇప్పుడు ఎవరేం చెప్పినా రెండుసార్లు అడుగుతుంది. అన్నం తింటావా అంటే కూడా, ఏటన్నావు, మళ్ళీ సెప్పు అంటుంది. పిల్లలు నవ్వుతారు. చెవుల డాక్టరు చూసి ఏ లోపమూ లేదన్నాడు. ఆమెను అక్కడికి తీసుకెళ్ళింది నేనే.

నేను కొట్టేసిన ఆ అదనపు గీతలు ఉండి ఉంటే? నలుగురి దగ్గర నాలుగు రకాలుగా విని, ఎవరో ఒకరు ఆగి, ఆసుపత్రికి ఫోన్ చేసి ఉండేవారా? ఉండేవారేమో. కానీ నేరాన్ని చార్టు మీది బొమ్మ మీదికి నెట్టడం నాకు అలవాటైపోయింది. తప్పు గీతలది కాదు. ఒట్టు వేసింది నేను.

ఎర్రయ్య భార్య పక్క ఊళ్ళోనే ఉంది. కేసు ఇంకా నడుస్తోంది. పిన్నికి ఈ మాట ఎప్పుడు చెబుతానో, అసలు చెబుతానో లేదో మీకు మాటివ్వలేను. నా మాటకు విలువేముంది? క్షమించమని కూడా అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు.

ఇది రాయడానికి పొద్దున కూర్చున్నాను, ఇప్పుడు మధ్యాహ్నం మూడు దాటింది. ఇంత రాసి పెన్ను పక్కన పెట్టగానే ఆకలేసింది. చాలా ఏళ్ళ తర్వాత, నిజమైన ఆకలి. లేచి గిన్నెలో మిగిలిన చద్దన్నం అంతా తినేశాను. సిగ్గేసింది. అయినా తిన్నాను.