ఎడమ కంటికి పని

మా పాపకి ఎడమ కంట చూపు ఆనదు. అద్దాలు పెట్టించినా అంతే. “కంటిలో జబ్బేమీ లేదమ్మా. పుట్టినప్పట్నుంచీ ఆ కన్ను మసక బొమ్మే పంపుతుంటే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేసింది. దాని చోటు కూడా కుడి కన్నే ఆక్రమించుకుంది. కుడి కన్ను మూసి, ఎడమ కంటితోనే చదివించండి, బొమ్మలు గీయించండి. వాడేకొద్దీ మెదడులో ఆ దారులు గట్టిపడతాయి. పెద్దదైతే కష్టం, ఇప్పుడే చెయ్యాలి,” అన్నారు డాక్టరుగారు. కళ్లజోడు కుడి అద్దానికి తొడగమని నల్లగుడ్డ తొడుగు ఇచ్చారు.

మాది అనకాపల్లిలో బెల్లం వర్తకుల ఇల్లు. మావయ్య మార్కెట్‌కి బయల్దేరేటప్పుడు శకునం చూసుకోకుండా గడప దాటరు. కంటికి గుడ్డ కట్టిన పిల్ల ఎదురొస్తే ఇంకేమన్నా ఉందా! అందుకని ఆయన వెళ్లేదాకా అత్తయ్య తొడుగు తీసేసి, తర్వాత మళ్లీ పెట్టేది. నేను కశింకోట బడిలో టీచర్ని. అప్పటికే షేర్ ఆటోలో ఉంటాను. ఒళ్లు మండిపోయేది. కాసేపే కదా అని పళ్లు బిగబట్టేదాన్ని.

మొదట్లో తొడుగు పెడితే చాలు, పాప ఇల్లు పీకి పందిరేసేది. కొన్నాళ్లకి ఏడుపు ఆగింది. ఫోన్ చేస్తే, “బంగారంలా సదువుకుంటంది,” అనేది అత్తయ్య. సాయంత్రం నేను వచ్చేసరికి తొడుగు తీసేసి ఉండేది, ఆదివారం దానికీ సెలవే. నా సంబరం చెప్పక్కర్లేదు. ఎడమ కన్ను దారిలో పడిందనుకున్నాను.

వానకి బడి తొందరగా వదిలేసిన రోజున ఇంటికొచ్చేసరికి, పాప వసారాలో కూర్చుని కథల పుస్తకం గడగడా చదివేస్తోంది. పరుగున దగ్గరికెళ్లాను. తొడుగు ఎడమ అద్దానికి ఉంది.

“ఇదేటి అత్తయ్యా! కుడి కంటికి కదా పెట్టమన్నారు!”

“బాగున్న కన్ను మూసేత్తే పిల్లకేటి కనబడతాదమ్మా? కట్టు బాగులేని కంటికి కదా కడతారు! పాపం, దానికి కాస్త ఇశ్రాంతి ఇచ్చేను.”

“ఎప్పట్నుంచి?”

“అది ఏడుపు మానీసిన కాణ్ణుంచి.”

“పని చేయించమంటే పడుకోబెట్టేశారా! ఉన్న కాస్త చూపూ పోయేలా చేశారు కదండీ!” ఇల్లు అదిరేలా అరిచాను. ఇన్నాళ్లూ నేను చెప్పిందంతా గోడకి చెప్పుకున్నానా అని ఏడుపొచ్చింది.

తొడుగు కుడి అద్దానికి మార్చాను. పాప పుస్తకాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, “అమ్మా, అక్షరాలేవీ?” అంది.

అత్తయ్య మొహం పాలిపోయింది. పాపని ఒళ్లోకి లాక్కుని, “ఇప్పుడైనా ఈ కంటికి పని సెప్తే సూపు వత్తాదా అమ్మా?” అని అడిగింది.

పుస్తకంలో మొదటి అక్షరం కింద వేలు పెట్టి పాపకి చూపించాను. నాకూ తెలియదు.