షురూ ఫైల్లో పరాయి లైన్లు

ప్రసన్నలక్ష్మి ఎవరి లాప్‌టాప్ చేతికి తీసుకున్నా ముందు తిరగేసి చూస్తుంది, అడుగున తను అంటించిన చీటీ ఉందో లేదోనని. చీటీ మీద గుండ్రటి చేతిరాతలో ఒకటే ముక్క: ‘నోడ్ 16. మార్చొద్దు.’ కొందరికి పద్నాలుగు, కొందరికి పద్దెనిమిది. కింద పొడి అక్షరాలు, ప్ర.ల.

దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో, మూడో అంతస్తులో ఉన్న ఆ ప్రాజెక్ట్ సెంటర్‌కి ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది పిల్లలు వస్తారు. వాళ్లకి ఇచ్చేవి చాలామటుకు సీనియర్ల ప్రాజెక్టులే. పేరు మారుతుంది, రంగులు మారతాయి, లోపలి సరుకు అదే. జావాస్క్రిప్టులో రాసిన ఆ ప్రాజెక్టులు నడవాలంటే లాప్‌టాప్‌లో నోడ్ అనే ఇంకో ప్రోగ్రామ్ ఉండాలి. తిప్పలన్నీ దానితోనే. అది ఏటా కొత్త నంబరుతో వస్తుంది. పదహారు మీద పుట్టిన ప్రాజెక్టును ఇరవై రెండు మీద నడపబోతే తెర నిండా ఎర్ర అక్షరాలు. పిల్లలు కొత్త లాప్‌టాప్ కొంటారు, అందులో కొత్త నోడ్ వేసుకుంటారు, వైవా దగ్గరపడ్డాక వచ్చి బెంచీ మీద కూర్చుని ముక్కులు చీదుకుంటారు.

“మొదటి ఎర్ర లైను సదువు. మిగిలిందంతా ఏడుపే,” అంటుంది ప్రసన్నలక్ష్మి. ఆ మాటకే సగంమంది నవ్వేస్తారు.

ఆమె ఈ విద్య ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు. చదివింది ఇంటర్. తొమ్మిదేళ్ల కిందట ఫోన్లు ఎత్తడానికి, ఫారాలు నింపడానికి చేరింది. ఖాళీ దొరికితే ప్రోగ్రామర్ల కుర్చీల వెనక నిలబడి చూసేది. ఒకరోజు ఓ ప్రోగ్రామర్ విసుగెత్తి పాత నోడ్ తీసి పారేసి కొత్తది ఎక్కిస్తే, అప్పటిదాకా నడుస్తున్న నాలుగు ప్రాజెక్టులు ఒక్కసారిగా పడుకున్నాయి. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. “పాతది ఎందుకు తీసినవ్ అన్నా? మా అమ్మ అయితే కొట్టేది.”

ఆ అమ్మ రాజేశ్వరమ్మ. పోచంపల్లిలో మగ్గాలకు పడుగు, అంటే నిలువు దారాలు, అతికే మనిషి. చీర నేత అయిపోయాక పాత పడుగు దారాలను తీసెయ్యరు, కొసలు మగ్గంలోనే ఉంచుతారు. వేలికి కాస్త బూడిద అద్దుకుని, కొత్త దారాన్ని పాత కొసకు మెలిపెట్టి, ఇలా వేల దారాలు ఒక్కొక్కటే అతుకుతారు. పాతది ఉంటేనే కొత్తది దారి వెతుక్కుంటుంది. అతుకు చూసి అది ఎవరి చెయ్యో చెప్పగలదు రాజేశ్వరమ్మ. “గిది మా వదిన మెలి. గిది ఎవరిదో, తొందరలున్నది పాపం,” అనేది. పక్కన కూర్చుని దారాలు అందించిన కూతురికి ఆ చూపు అబ్బింది.

ఆ రోజు ఆమె మాట విన్నవారు సెంటర్ యజమాని పట్టాభి గారు. ముప్ఫై ఏళ్ల కిందట తెనాలి నుంచి వచ్చి, కంప్యూటర్ మాస్టారుగా ఊరంతా తిరిగి, చివరికి ఈ మూడు గదులు అమర్చుకున్నారు. “అమ్మా ప్రసన్నా, ఇలా వచ్చి ఈ కుర్చీలో కూర్చో. ఫోన్లు ఈ ప్రోగ్రామర్లే ఎత్తుకుంటారులే,” అన్నారు. ఆ మాట ఆమె ఇప్పటికీ ఆయన గొంతుతోనే చెప్పగలదు. సెంటర్ తాళంచెవి కూడా ఆ నెలలోనే ఆమె చేతిలో పెట్టారు. ఎల్బీ నగర్‌లో కిరాయి గది నుంచి పొద్దున్నే వచ్చి తలుపు తీసేది ఆమే.

పట్టాభి గారికి ఒక అలవాటు. ఆయన కంప్యూటర్ నేర్చుకున్న రోజుల్లో అంతా ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే కొట్టేవారట. ఇప్పటికీ ఆయన ప్రోగ్రామ్ రాసినా, వాట్సాప్‌లో ‘టీ చెప్పు’ అని పంపినా అన్నీ పెద్దక్షరాలే. ఆయన మెసేజ్ రాగానే పిల్లలు ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని “సార్ ఒర్రుతున్నడు అక్కా” అనేవాళ్లు. ప్రసన్నలక్ష్మి నవ్వు ఆపుకోలేకపోయేది.

పిల్లలు కంగారుపడకుండా ఆమె ఒక ఏర్పాటు చేసింది. ప్రతి లాప్‌టాప్‌లో రెండు మూడు నోడ్‌లు పక్కపక్కనే ఉంచుతుంది. ప్రాజెక్టు ఫోల్డర్లో ‘నంబర్’ అని చిన్న ఫైలు పెట్టి, అందులో ఆ ప్రాజెక్టుకు కావాల్సిన నోడ్ నంబరు వేస్తుంది. ‘షురూ’ అని ఇంకో ఫైలు తనే రాసింది. దాని మీద రెండుసార్లు నొక్కితే అది నంబరు చదువుకుని, ఆ నోడ్‌కి మారి, ప్రాజెక్టును లేపుతుంది. నంబరు కనపడకపోతే ఉన్నవాటిలో కొత్తది పట్టుకుంటుంది. రిసెప్షన్ కంప్యూటర్లోని అసలు షురూ నుంచే అందరికీ నకలు వేసి ఇస్తుంది. తను రాసిందే కదా అని ఆ అసలును మళ్లీ తెరిచి చూడాలని ఎన్నడూ అనుకోలేదు.

ఏప్రిల్ రెండో వారం. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో ఈ వేళకి మెట్లదాకా మామిడి వాసన ఎక్కి వచ్చేది. ఇప్పుడు ఎండ వాసనే. పొద్దున్న తాళం తీస్తుండగానే వెనక జ్యోతిక నిలబడి ఉంది, సరూర్‌నగర్ అమ్మాయి. లాప్‌టాప్‌ను చంటిపిల్లలా రొమ్ముకు అదుముకుని ఉంది.

“అక్కా, ఆగమైపోయిన. రేపే వైవా. పొద్దుగాల తెరిస్తే మొత్తం ఎర్రగ వస్తున్నది.”

“గట్లెట్ల అయితది? కొత్త నోడ్ ఏమన్న ఎక్కించినవా?”

“నీ చీటీ మీద ఒట్టు అక్కా, చెయ్యి పెట్టలే. నిన్నటిదాంక మంచిగనే నడిచింది.”

తిరగేసి చూసింది. చీటీ ఉంది, పదహారు. ఫోల్డర్ తెరిచింది. ‘నంబర్’ ఫైలు లేదు. నంబరు దొరకక షురూ ఇరవై రెండును పట్టుకుంది, ప్రాజెక్టు కూలింది.

“నేను పెట్టిన కదనే,” అంది. కానీ గొంతులో జోరు లేదు.

జ్యోతిక కళ్లు దించుకుంది. “సార్‌కి ఫోన్ చేసిన అక్కా. ‘ప్రసన్న మరచిపోయి ఉంటుందమ్మా, ఈమధ్య పరధ్యానం ఎక్కువైంది, తీసుకురా, సర్వీస్ ఛార్జీ కట్టు, చూద్దాం’ అన్నడు. ఏం కాదక్కా, నువ్వైతే నేనేం అనుకోను. యాది మరవడం అందరికీ ఉంటది.”

ఆ మన్నింపు ప్రసన్నలక్ష్మికి ముల్లులా దిగింది. పదింటికల్లా ఇంకో ఇద్దరు వచ్చారు. అదే ఎర్ర తెర, అదే మాయమైన ఫైలు. ఇద్దరూ ఆమె వైపు జాలిగా చూశారు. నిజంగానే మరచిపోయానా? ఒక్కరిదైతే సరే. ముగ్గురిదీనా? మార్చిలో అమ్మకు కంటి ఆపరేషన్ చేయించినప్పుడు మనసు మనసులో లేని మాట వాస్తవమే. అయినా నంబరు పెట్టకుండానే చీటీ అంటించే చెయ్యి కాదు తనది.

అప్పుడు తట్టింది. మరచిపోయి ఉంటే మొదటి రోజే పడిపోవాలి. నెల రోజులు నడిచి, ముగ్గురివీ ఒకే పొద్దున ఎందుకు ఆగాయి?

జ్యోతిక లాప్‌టాప్‌లో తేదీని ఒక వారం వెనక్కి తిప్పింది. నంబర్ ఫైలు మళ్లీ పెట్టింది, షురూ నొక్కింది. ప్రాజెక్టు లేచింది. తేదీని మళ్లీ ఇవాళ్టికి తెచ్చి నొక్కింది. నంబర్ ఫైలు ఆమె కళ్లముందే మాయమైంది.

రిసెప్షన్‌కి వెళ్లి అసలు షురూ తెరిచింది. తను రాసిన ఇరవై లైన్లూ చిన్నక్షరాల్లో, ఎలా రాసిందో అలాగే ఉన్నాయి. వాటి మధ్యన, జరీలో గోనె నారలా, మూడు లైన్లు. ఏప్రిల్ పది దాటితే నంబర్ ఫైలును చెరిపెయ్యమని. మూడూ పెద్దక్షరాల్లో.

ఎవరి చెయ్యో కనుక్కోవడానికి ఎవరినీ అడగక్కర్లేకపోయింది.

కోపం రాలేదు. ఇన్నేళ్లూ ఆ పెద్దక్షరాలకు నవ్విన నవ్వులన్నీ ఎవరో వెనక్కి లాక్కుంటున్నట్టు అనిపించింది.

పట్టాభి గారు పదకొండింటికి వచ్చారు. ఆమె తలుపు దగ్గరగా వేసి, తెర ఆయన వైపు తిప్పింది.

“ఏంది సార్ ఇది?”

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చదివారు. బుకాయించలేదు. దగ్గరున్న స్టూలు మీద కూర్చున్నారు. “అమ్మా, పోయినేడు ఎంతమంది వైవా టైముకి వెనక్కి వచ్చారు? ఒక్కరైనా వచ్చారా? నువ్వు చేసింది అంత గట్టిగా ఉంటుంది మరి. ఏప్రిల్ సర్వీస్ పడిపోతే ఈ మూడు గదుల కిరాయి ఎలా? నీ జీతం ఎలా? ఒక్కసారి వస్తారు, అయిదు నిమిషాల్లో బాగుచేస్తాం, పోతారు. ఎవరికి నష్టం చెప్పు?”

“గా పొల్లకు రేపు వైవా సార్. పొద్దుగాల చూసుకోకపోతే రేపు అందరి ముంగట ఎర్ర తెర పెట్టుకొని నిలవడుతుండె.”

“చూసుకుంటారమ్మా, పిల్లలు చూసుకోకుండా వెళ్తారా?”

“సరే సార్.” ఆమె తెరను తన వైపు తిప్పుకుంది. “నా పేరెందుకు చెప్పిన్రు?”

పట్టాభి గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. అంత తెలియని విషయమా అన్నట్టు, ప్రేమగానే అన్నారు. “నీ మీదయితే ఎవరూ కోప్పడరు కదమ్మా.”

ఏళ్ల తరబడి ఎర్ర తెరల ముందు కూర్చుని, ఒక్కో పిల్లను నవ్వించి, ఒక్కో చీటీ అంటించి కూడబెట్టుకున్నది ఏదో, దాన్ని ఈయన పరదాలా ఈడ్చి తన పని మీద కప్పుకున్నారు. కప్పుకున్నానని ఆయనకు తెలుసు. తప్పు చేశానని మాత్రం తెలియదు.

“ఆ మూడు లైన్లు తీసెయ్యమంటావా? తీసేద్దాంలే,” అన్నారాయన మంచినీళ్లు తాగుతూ. “ముందు ఆ ముగ్గురి సంగతి చూడు, ఛార్జీ తీసుకుని పంపెయ్.”

ప్రసన్నలక్ష్మి బయటికి వచ్చింది. బెంచీ మీది ముగ్గురినీ దగ్గరికి పిలిచింది. లాప్‌టాప్ ముట్టుకోలేదు.

“జ్యోతికా, నువ్వే చెయ్యి. షురూ తెరువు. పెద్దక్షరాలు ఉన్నయి చూడు, మూడు లైన్లు. కొట్టెయ్.”

“నేనా? ఇంకేమన్న ఖరాబైతే?”

“నేనీడనే ఉన్న కదా. కొట్టెయ్. ఇప్పుడు కొత్త ఫైలు చెయ్యి, నంబర్ అని పేరు పెట్టు. ఎంత రాయాలె?”

జ్యోతిక లాప్‌టాప్ తిరగేసి చీటీ చూసింది. “పదహారు.”

ప్రాజెక్టు లేచింది. మిగిలిన ఇద్దరూ ఆమెను చూసి అలాగే చేసుకున్నారు. ఛార్జీ ఎంతని ఒకరు అడిగితే ప్రసన్నలక్ష్మి తల అడ్డంగా ఊపింది. తర్వాత ఆ ఏడాది పిల్లలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో, ఏ లైన్లు కొట్టెయ్యాలో, ఏ ఫైలు ఎలా పెట్టుకోవాలో మెల్లగా టైపు చేసి పెట్టింది. ఆ లైన్లు ఎవరివో రాయలేదు. చివర్న ఒక్క మాట చేర్చింది: ‘నేను మరవలేదు.’ ఆ ముక్క రెండుసార్లు చెరిపి, మూడోసారి ఉంచేసింది.

మెట్లు దిగేముందు జ్యోతిక ఆమె చెయ్యి పట్టుకుంది. “అక్కా, మరి గవి ఎవరు పెట్టిన్రు?”

“రేపు వైవా మంచిగ చెయ్యి పో బిడ్డా.”

భోజనాల వేళకి పట్టాభి గారు ఫోన్లో మాట్లాడుతున్నారు. ప్రసన్నలక్ష్మి తన డబ్బా, దువ్వెన, చీటీల కట్ట సంచీలో వేసుకుంది. ఆయన టేబుల్ మీద, కళ్లజోడు డబ్బా పక్కన తాళంచెవి పెట్టింది. ఆయన తలెత్తి, రోజూలాగే చెయ్యి ఊపి, ఫోన్లో నవ్వుతూ అటు తిరిగిపోయారు.

ఎల్బీ నగర్ స్టేషన్లో మెట్రో దిగి మెట్ల మీద నిలబడింది. కింద పోచంపల్లి బస్సు నిండుతోంది. అమ్మ దగ్గరికి పోదామా, గదికి పోదామా అని తేల్చుకోలేకుండా ఉండగా ఫోన్ మోగింది. పట్టాభి గారి మెసేజ్. అన్నీ పెద్దక్షరాలే.

‘రేపు తొందరగా రా అమ్మా. కొత్త బ్యాచ్ ఉంది. తలుపు నువ్వే తియ్యాలి.’

తాళంచెవి ఆయన మోచేతి పక్కనే ఉండి ఉంటుంది. ఇంకా చూసుకోలేదన్నమాట. ప్రసన్నలక్ష్మి ఫోన్ సంచీలో పడేసి, బస్సు వైపు మెట్లు దిగింది.