మోండా మార్కెట్‌లో దిగిన దొర

నిన్న పొద్దున మోండా మార్కెట్ నడిరోడ్డు మీద మీరేం చూశారు? దాచకండి, చెప్పండి! మేనాలో ఒక దొర. ఎర్ర తలపాగా, మఖ్మల్ కోటు, చెవి మీద పుచ్చు వంకాయ. అంతేనా? ఆ దొర నేనే!

నవ్వండి, నవ్వండి. చాయ్ చల్లారేలోపల మొత్తం చెప్తాను.

మా మనవరాలు లచ్చి చదివే బడిలో గ్రేసమ్మ అని కోస్తా నుంచి వచ్చిన టీచరమ్మ ఉంది. హిస్టరీ నోటితో చెబితే పిల్లలకు ఎక్కదని అన్నీ చేసి చూపిస్తుంది. ఈసారి పాఠం పల్లకీలు, గడీలు, వెట్టిచాకిరి. "అయిదారు వందల ఏళ్ళ నాటి బతుకు తాతగారూ" అంది. నాకు మండింది. "ఏం వందల ఏండ్లమ్మా! మొన్న నిజాం రాజ్యం పోయిన పోలీసు యాక్షన్ దాకా మా ఊరి దొర మేనా నేనే మోసిన!" అన్నాను. అంతే, పాఠం నా నెత్తిన పడింది.

సంతోషంగానే ఒప్పుకున్నాను. కారణం ఉంది. మేనా బొంగు ఒరుసుకుని ఒరుసుకుని నా కుడి భుజం మీద నిమ్మకాయంత కాయ కాచింది. బోయిగూడలో మా ఇంటి ముందు అంగీ విప్పి కూర్చుంటే చాలు, లచ్చి ఉరికొస్తుంది. "అంగీ తొడుక్కో తాతా! మా దోస్తులు జూస్తే నవ్వుతరు!" ఆ కాయ ఎట్లా వచ్చిందో ఆ పిల్లకు ఒక్కసారి తెలియాలి. నాకు కావలసింది అదే.

నులక మంచానికి వెదురు బొంగులు కట్టి మేనా చేశాం. ముందు పిల్లలకు కథ చెప్పాను. దొర తిట్లు పడలేక ఒకనాడు బోయీలమందరం మేనాను వరిమడిలో దింపేసి నడిచి వచ్చేశాం. అది వినగానే చప్పట్లే చప్పట్లు!

ఇక ఆట షురూ. బొంగు నేను పట్టుకుందామనుకున్నాను. కానీ దొర వేషం నాకంటే నాకని మగపిల్లలు జుట్లు పట్టుకున్నారు. "మీరే కూర్చోండి తాతగారూ. బక్కగా ఉన్నారు, పెద్ద క్లాసు పిల్లలు కూడా పట్టుకుంటారు" అంది గ్రేసమ్మ. తలపాగా చుట్టి, కోటు తొడిగి, జిగురు పెట్టి మీసం కూడా అంటించింది.

కూర్చున్నాను. ఆహా! జన్మంతా కింద నుంచే చూశాను. పైన ఇంత హాయిగా ఉంటుందని ఎవరు చెప్పారు నాకు? బడి చుట్టూ ఒక తిప్పు తిప్పారు. నాకు చాలలేదు! "బజారుకు పట్టుండ్రి!" అని హుకుం ఇచ్చాను. టీచరమ్మ "వద్దండీ, వద్దండీ!" అంటూనే ఉంది, మేనా గేటు దాటింది.

మార్కెట్ మధ్యకు వచ్చేసరికి ముందు బొంగు పట్టిన లచ్చి మూలిగింది. "తాతా, భుజం మండుతున్నది. జెర దించుతం."

"ఎవర్రా దించుతననేది? నడువుండ్రి! తోలు తీస్తా!"

ఆ మాటలు నావా? మా దొరవి, ఉన్నవున్నట్టు! పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దించుండ్రిరా!" అంది లచ్చి.

ధడేల్! నడిరోడ్డున నన్ను కుదేసి అందరూ పోయి అరుగు మీద కూర్చున్నారు. వెనక మిలిటరీ లారీ ఒకటే హారన్. కూరగాయల గంపల వెనక నుంచి ఒక ముసలమ్మ లేచింది.

"ఓయమ్మో! దొర మళ్ళొచ్చిండే! పసిపోరగాండ్లతోని మోపిచ్చుకుంటుండు!"

"అవ్వా, నేను దొరను కాను! ఇది హిస్టరీ క్లాసు!"

"ఊరిడిసి ఉరికొచ్చి పట్నం జొచ్చిన దొరలందరు గిట్లనే చెప్తరు!"

వంకాయ వచ్చి తలపాగాకు తగిలింది. ఇంకోటి చెవికి. మీసం పీకుదామంటే ఊడదు. భుజం చూపిద్దామంటే కోటు గుండీలు రావు. ఏం పరేషానీ అది!

అప్పుడు అరుగు దిగి వచ్చింది లచ్చి. నా కోటు కాలరు పట్టి ఒక్క గుంజు గుంజింది. గుండీ తెగి ఎగిరిపోయింది. ఒక చేత్తో తన భుజం రుద్దుకుంటూ, ఇంకో చేత్తో నా కాయ చూపిస్తూ అరిచింది. "జూడుండ్రి! గిది మా తాత భుజం! దొరలకు గిట్ల ఉంటదా?"

ముసలమ్మ దగ్గరికొచ్చి కాయను వేలితో ఒత్తి చూసింది. కొంగుతో నా చెవి తుడిచింది.

ఇయ్యాల పొద్దున్నుంచి మా ఇంటి ముందు లచ్చి దోస్తుల లైను. "అంగీ ఇప్పు తాతా, జెర సూపియ్యి!" అని ఒకటే తక్లీఫ్. మీసం సగం ఇంకా ఊడలేదు. చాయ్ తాగేటప్పుడు కూడా మూతికి ఈ తువ్వాల అందుకే.

సరే గానీ, తలపాగాకు తగిలిన వంకాయ తనదేనని ముసలమ్మ ఒప్పుకుంది. చెవి మీదిది తనది కాదని ఒట్టేసింది. మీరేమో పొద్దున్నే అక్కడే కూరగాయలు కొంటారు, ఇందాకటి నుంచి నా మొహం చూడకుండా చాయ్ ఊదుకుంటున్నారు. నిజం చెప్పండి, విసిరింది మీరు కాదూ?