రాములు గారు రెండు చేతులూ ఎత్తారు

2023లో మౌలాలి దగ్గర ఒక గోడౌన్‌లో మేము పన్నెండు రోబో బండ్లను పరీక్షిస్తున్నాం. అవి స్వార్మ్, అంటే గుంపుగా పనిచేసేవి. ఒక్కోదానికీ వేరే ఆజ్ఞ ఉండదు, పక్కదాన్ని చూసి కదులుతాయి. నడిపే మనిషి చేతికి కట్టుకున్న రిస్ట్‌బ్యాండ్ ఆ చేతి సైగను పట్టి వాటికి చెబుతుంది. పిడికిలి బిగిస్తే ఆగాలి, చెయ్యి పైకెత్తితే వేగం పెంచాలి. ఆ సైగలన్నీ మారేడ్‌పల్లిలో మా ఇంట్లో కూర్చుని నేనే రాశాను. నా తెలివికి నేనే తెగ మురిసిపోయాను.

నడపడానికి రాములు గారు వచ్చారు. రైల్వే యార్డులో ముప్పై ఏళ్లు షంటింగ్ చేసి, అంటే రైలు పెట్టెలను కలిపి విడదీసే పని చేసి, రిటైరయ్యారు. మొదటి రోజే అడిగారు.

"మేడమ్, మాకు ఆపుడంటే రెండు చేతులు లేపుడు. గీ పిడికిలేంది?"

"అది రైళ్లకండీ. ఇక్కడ పిడికిలే."

రెండు వారాలు ఒక్క తప్పు లేకుండా నడిపారు.

మూడో వారం బండ్లు ఒకదాన్ని చూసి ఒకటి ఆగిపోతుంటే విసుగొచ్చి, ఎదురుగా ఏదున్నా బండిని ఆపే ముందరి సెన్సార్లు తీసేశాను. ఒక్క గంటే కదా అనుకున్నాను. బండ్లు వస్తుండగా, ఊడ్చే యాదమ్మ కాలు జారి సరిగ్గా వాటి దారిలో పడింది.

రాములు గారు రెండు చేతులూ ఎత్తారు. పన్నెండు బండ్లూ వేగం అందుకున్నాయి.

పరుగెత్తి అన్నిటినీ ఒకేసారి ఆపే, గోడకున్న ఎర్ర బటన్ కొట్టాను. మొదటి బండి యాదమ్మ మోకాలికి తగిలి ఆగింది. చర్మం గీరుకుపోయింది, అంతే.

"పిడికిలి కదండీ!" అని అరిచాను. తప్పు నాది, అరుపు ఆయన మీద.

ఆయన చేతులు ఇంకా పైనే ఉన్నాయి. "యాదికుంది మేడమ్. ఎదురుంగ మనిషి పడితే, చేతులు నన్ను అడిగి లేస్తయా?"

మర్నాడే చెయ్యి ఎత్తితే ఆగేలా మార్చాను. సెన్సార్లు మళ్లీ బిగించాం.

వారం తర్వాత పనికొచ్చిన యాదమ్మ గుమ్మం దాటలేదు.

"ఇప్పుడు ఆగుతయా?"

"ఆగుతాయి."

"అయితే మీరు నిలవడుండ్రి మేడమ్."

ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? సైగ ఒక్కదాన్నే పరీక్షించాలని సెన్సార్లు ఆపి, ఎర్ర బటన్ దగ్గర యాదమ్మనే ఉంచి, దారిలో నిలబడ్డాను. బండ్లు దగ్గరకొచ్చాయి. రాములు గారి చేతులు లేచాయి. నాకు రెండు గజాల దూరంలో అన్నీ ఆగాయి.

భయపడ్డ చెయ్యి కొత్త పాఠం వినదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఏ సైగ రాసేముందైనా నడిపేవాళ్లనే అడుగుతాను. రాశాక, ఆ దారిలో మొదట నేనే నిలబడతాను.