పదిహేడు స్టాపుల భోజనం

కండక్టరమ్మకు దూరం కిలోమీటర్లలో చెబితే బుర్రకెక్కదు, స్టాపుల్లో చెప్పాలి. పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఇల్లెక్కడ అని అడిగితే ఎవరో వీధి పేరు చెప్పారట. ఆమె బిక్కమొహం వేసింది. "డిపో నుంచి మూడో స్టాపు, దిగి ఎడమకి" అన్నాకే తల ఊపిందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అలాంటి మనిషి, "ఒకటో తారీఖు నుంచి నెల రోజులు నా బస్సు తిరిగేంత మేర పండిందే తింటాను" అంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. మొదటి స్టాపు డిపో, చివరిది చెరుకు తోటల మలుపు. మొత్తం పదిహేడు. అంతే ఆమె ప్రపంచం.

పాలు మానేసి అప్పటికే ఎనిమిది నెలలైంది. ఒకరోజు ఇటుక బట్టీల స్టాపు దగ్గర ఒక ఆవును వ్యానులో ఎక్కించి తీసుకుపోయారు. దాని దూడ వ్యాను వెంట పరుగెత్తింది. వ్యాను కనబడకుండా పోయేసరికి, అప్పుడే కదిలిన బస్సు వెంట పడింది. వెనక తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డ కండక్టరమ్మ అది అలిసిపోయి ఆగేదాకా చూస్తూనే ఉంది. తర్వాతి స్టాపులో విజిల్ వెయ్యడం మరిచిపోయింది. ఆ రోజు నుంచి పాలు లేవు, పెరుగు లేదు. తర్వాత గుడ్లు పోయాయి, తేనె పోయింది. దీన్ని వీగన్ అంటారని ఒక కాలేజీ అమ్మాయి ఫుట్‌బోర్డు మీద నిలబడి చెప్పింది. "పేరు కూడా ఉందా?" అని కండక్టరమ్మ సంతోషించి, ఆ అమ్మాయిని లోపలికి జరగమంది.

పాల వెనక ఏముందో చూశాక, తినే ప్రతిదాని వెనకా ఏముందో చూడాలనిపించింది. చూడాలంటే అది కంటికి ఆనేంత దగ్గరలో ఉండాలి కదా. రోజూ బస్సు కిటికీలోంచి కనిపించేవైతే ఇంకేం కావాలి? అలా పుట్టింది ఈ పదిహేడు స్టాపుల ఆలోచన.

అడ్డం పడింది అత్తగారే. ఆవిడ కాన్పుల వార్డులో ముప్ఫై ఒక్క ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. ఆస్పత్రివాళ్ళు పారేస్తుంటే పసిపిల్లల్ని తూచే త్రాసు ఒకటి ఇంటికి తెచ్చుకుంది. ఉల్లిపాయలైనా, ఉతికే బట్టలైనా దాని మీద పడుకోబెట్టాల్సిందే. కోడలు పాలు మానేసిన కొత్తలో అన్నమూ ఆకుకూరా తప్ప ఏమీ తినకుండా తిరిగి, ఒకరోజు నడిచే బస్సులో కళ్ళు తిరిగి గుమ్మడికాయల బుట్టలో కూలబడింది. ఆ సంగతి ఇంటికి వచ్చి చెప్పలేదు. బుట్ట తాలూకు మనిషి వచ్చి, పగిలిన కాయ చూపించి చెప్పింది.

"నువ్వు ఏ గడ్డైనా తిను, నాకభ్యంతరం లేదు" అంది అత్తగారు. "పప్పు గింజలు మాత్రం ఉండాలి. నెలకి నాలుగు కిలోలు. ఒకటో తారీఖుకి ముందురోజు సాయంత్రం నా త్రాసులో పొయ్యి. ముల్లు నాలుగు చూపించకపోతే ఈ పదిహేడు స్టాపులూ లేవు, పదహారు స్టాపులూ లేవు. తెల్లారి నా ఎదురుగా గ్లాసుడు పాలు తాగి డ్యూటీకి వెళ్ళాలి. మాటంటే మాట."

"సరే అత్తయ్యా."

"నువ్వేమంటావురా?"

భర్త గడియారాలు బాగుచేస్తాడు. కంటికి అద్దం బిగించుకుని ఉన్నంతసేపూ ఎవరేం చెప్పినా అతనికి ఒకటే మాట. "మంచిదే" అన్నాడు.

ఒప్పుకుంది గానీ, పాలగ్లాసు మాట గుర్తొచ్చినప్పుడల్లా కండక్టరమ్మకు ఆ గ్లాసులో దూడ పరుగెత్తుతూ కనిపించేది.

ఇక చూడాలి హడావుడి. వంటింటి తలుపు వెనక బస్సు రూటు బొమ్మ గీసి అంటించింది. ఐదో స్టాపులో వరి. ఎనిమిదిలో, అంటే ఇటుక బట్టీల దగ్గర, జొన్న, దాని పక్కనే కూరగాయల మళ్ళు. ఇసక నేలల స్టాపులో వేరుశనగ ఉంది, అక్కడే నూనె గానుగ కూడా ఉంది కాబట్టి దిగులు లేదు. బెల్లం చివరి స్టాపులో బట్టీ దగ్గరే వేడివేడిగా దొరుకుతుంది. మేడ మీద పాత చీరలు పరిచి టమాటాలూ బెండకాయలూ కోసి ఎండబెట్టింది. వాటిని కాకులు ఎత్తుకుపోకుండా చూడటానికి అత్తగారు గొడుగు వేసుకుని కుర్చీలో కూర్చునేది. "నేను దీనికి ఒప్పుకోలేదు, ఊరికే ఎండ కాగుతున్నాను" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది.

ఉప్పు దగ్గర కాస్త తగాదా వచ్చింది. ఉప్పు చెట్టుకు పండదు కాబట్టి లెక్కలోకి రాదని కండక్టరమ్మ తీర్పు చెప్పుకుంది. టీ మాత్రం ఎటు తిప్పినా లెక్కలోకి వచ్చేస్తోంది. ఎనిమిది నెలలుగా పాలు లేని టీ తాగుతూ అదే అమృతం అనుకుంటున్న మనిషి. పదిహేడు స్టాపుల్లో ఎక్కడా తేయాకు మొక్క లేదు. డ్రైవరు నిమ్మగడ్డి మరిగించి తాగమని సలహా ఇచ్చాడు.

"ఎలా ఉంది చెల్లెమ్మా?"

"బస్సు కడిగిన నీళ్ళలో నిమ్మకాయ పిండినట్టుంది అన్నా."

"అలవాటవుతుందిలే."

"బస్సు కడిగిన నీళ్ళు ఎవరికైనా అలవాటవుతాయా?"

పప్పు గింజల సంగతి మాత్రం అందరికంటే ముందే తెమిలిపోయింది. చివరి స్టాపులో రోజూ పొద్దున్న మొదటి ట్రిప్పుకు శనగలమ్మ ఎక్కుతుంది. రెండు గోతాల శనగలు, లావుగా, బంగారు రంగులో. కండక్టరమ్మే లగేజీ టికెట్టు కొట్టి ఇస్తుంది, శనగలమ్మ దాన్ని పిన్నీసుతో గోతానికి గుచ్చుకుంటుంది. టౌన్లో మార్కెట్టు స్టాపు దగ్గర దిగేసరికి కొనేవాళ్ళు కాచుకుని ఉంటారు. గోతాం మీద టికెట్టు చూసి, "చెరుకు తోటల మలుపు నుంచే! ఇంకా తడి ఆరలేదు చూడు" అనుకుంటూ ఎగబడతారు. నాలుగేళ్ళుగా కళ్ళతో చూస్తున్న సరుకు. ఇంక అనుమానమేముంటుంది? కండక్టరమ్మ నాలుగు కిలోలు కొని రెండు డబ్బాలకెత్తి, మూతల మీద "చివరి స్టాపు" అని రాసి అటకెక్కించింది. ఇక ఒకటో తారీఖు రావడమే తరువాయి.

ఇరవై ఎనిమిదిన విజిల్ బాబాయికి పన్ను పీకారు. విజిల్ బాబాయి అంటే అదే రూటులో సాయంత్రం షిఫ్టు కండక్టరు. వాచిన బుగ్గతో విజిల్ ఎలా ఊదుతాడు? ఆ ఒక్కరోజుకు ఆయన డ్యూటీ కూడా కండక్టరమ్మ మీద పడింది. నాలుగేళ్ళలో ఆ బస్సును సాయంత్రం పూట ఆమె చూడటం అదే మొదలు. మార్కెట్టు స్టాపులో తోసుకుంటూ ఎక్కింది ఎవరనుకున్నారు? శనగలమ్మ. వెనకే రెండు గోతాలు.

"ఇదేంటి పిన్నీ, ఇవాళ బేరం కాలేదా?"

"ఎందుకు కాలేదు? పదకొండుకే అయిపోయింది. ఇవి రేపటివి."

"రేపటివి టౌన్లో ఎందుకున్నాయి?"

"టౌన్లో కొంటే టౌన్లో ఉండక ఎక్కడుంటాయి తల్లీ? ఆ హోల్‌సేల్ కొట్టులో తీసుకున్నాను. ఓడ దిగి వస్తాయట ఇవి. రాళ్ళూ, మట్టీ, నానా చెత్తా. ఇంటికి తీసుకెళ్ళి నేనూ మా కోడలూ చెరిగి, రాళ్ళేరి, కడిగి ఆరబెడితే గానీ ఆ రంగు రాదు."

కండక్టరమ్మ పంచ్ మిషను చంకన పెట్టి, గోతాం మూతి విప్పి చూసింది.

"మరి నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడైనా ఎక్కడ పండాయని అడిగావా? లగేజీ ఎన్ని గోతాలని అడిగావు, రెండన్నాను. చివరి స్టాపులో ఎక్కానా? ఎక్కాను. టికెట్టు మీద అదే కొట్టావు. అందులో అబద్ధమేముంది?"

అబద్ధం లేదు. ఉన్న మోసమల్లా ఆ టికెట్టులోనే ఉంది, అది కొట్టింది తనే. మనిషి ఎక్కిన చోటే సరుకు పుట్టిందనుకుంది. పొద్దున షిఫ్టు చేసేవాళ్ళకే సాధ్యమయ్యే తెలివితక్కువతనం. సాయంత్రం బస్సులో శనగలు అటు వెళ్తాయని విజిల్ బాబాయికి తెలుసు, పొద్దున ఇటు వస్తాయని ఆమెకు తెలుసు. ఇద్దరూ కలిసి కూర్చుని ఒక్కసారి మాట్లాడుకుంటే తెలిసిపోయేది. షిఫ్టు మారేటప్పుడు వాళ్ళు మాట్లాడుకునేదల్లా ఏ సీటు కింద ఎవరు గొడుగు మరిచిపోయారన్నదే.

ఇంటికి వెళ్ళే దారంతా రెండు డబ్బాలే కళ్ళ ముందు. ఎవరికి తెలుస్తుంది? త్రాసుకు ఓడ శనగలూ ఒకటే, పదిహేడు స్టాపుల శనగలూ ఒకటే. ముల్లు ఠక్కున నాలుగు చూపిస్తుంది. అత్తగారు తల ఊపుతుంది. పాలగ్లాసు తప్పిపోతుంది. చెప్పులు విప్పేదాకా అలాగే అనుకుంది. కానీ లోపలికి వెళ్ళాక స్టూలేసుకుని అటకెక్కి, డబ్బాలు దించి, అత్తగారి ముందు పెట్టింది.

"ఇవి ఓడలో వచ్చాయి అత్తయ్యా."

జరిగిందంతా చెప్పింది. అత్తగారు ఒక శనగగింజ తీసుకుని, పసిబిడ్డ నాడి చూసినట్టు వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. "ఎంత దూరం వచ్చాయో పాపం" అని నోట్లో వేసుకుంది. "ఇవి నేనూ మావాడూ తింటాం. నీకింకా మూడు రోజులుంది. మాట మాటే."

"మంచిదే" అన్నాడు భర్త.

తెల్లవారి బస్సులో కండక్టరమ్మ గొంతు వింతగా వినిపించింది. టికెట్ టికెట్ అనే నోటితో, "పప్పు గింజలు ఎవరు పండిస్తారండీ? కొన్నవి కాదు, పండించినవి!" అని అడుగుతూ ముందు నుంచి వెనక్కి వచ్చింది. బస్సంతా ఒకటే గోల. ఒకాయన మా తాత పండించేవాడన్నాడు. తాత ఎక్కడుంటాడని అడిగితే పైకి చూపించాడు. గుమ్మడికాయల మనిషి మాత్రం కాళ్ళు ముడుచుకుని, బుట్ట ఒళ్ళోకి లాక్కుంది. "మళ్ళీ పడతావేమో, ముందే చెబుతున్నాను" అంది.

ఇటుక బట్టీల స్టాపులో గడ్డిమోపు వదిన ఎక్కింది. టౌన్లో పశువులున్నవాళ్ళకు పచ్చగడ్డి అమ్ముతుంది, రెండు మాటలకు మించి మాట్లాడదు. అంతా విని, దిగబోయే ముందు అంది.

"అలసందలైతే పనికొస్తాయా?"

"పనికిరావడమేంటి వదినా! ఎవరి చేలో ఉన్నాయి?"

"మా చేలోనే. జొన్న సాళ్ళ మధ్య వేస్తాం. కాయలు ఎండి చెట్టునే ఉంటాయి. అవి పశువుల కోసం గదా, మనుషులు అడుగుతారని ఎవరనుకున్నారు?"

నాలుగేళ్ళుగా కిటికీలోంచి జొన్న చేను చూస్తోంది కండక్టరమ్మ. సాళ్ళ మధ్య ఏముందో ఒక్కనాడూ చూడలేదు. ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగి, మళ్ళీ అదే బస్సులో మామూలు మనిషిలా టికెట్టు కొనుక్కుని వెళ్ళి, జొన్నల్లో దూరి కాయలు కోసింది. మర్నాడు కూడా అంతే, చేలో ఎండినవన్నీ అయిపోయేదాకా. జొన్న ఆకులు కోసుకుని చేతులు మండాయి. ఆ రెండు సాయంత్రాలూ ఇంట్లో ముగ్గురూ నేల మీద చాప పరుచుకుని ఎండుకాయలు ఒలిచారు. భర్త కంటి అద్దం పెట్టుకుని పుచ్చులు ఏరాడు. అత్తగారి బొటనవేళ్ళు వాచాయి. "నేను దీనికి ఒప్పుకోలేదు" అంటూనే కాయ తర్వాత కాయ ఒలిచింది.

చివరిరోజు సాయంత్రం త్రాసు బల్ల మీదికి వచ్చింది. అత్తగారు పళ్ళెం తుడిచి, మెత్తటి గుడ్డ పరిచి, ముల్లు సున్నా మీదికి తెచ్చింది. గింజలు జలజలా పడ్డాయి. ముల్లు ఊగి, ఊగి, మూడు దాటి ఆగింది. మూడు కిలోల నాలుగు వందలు.

కండక్టరమ్మ చాప దులిపింది. నాలుగు గింజలు రాలితే అవీ వేసింది. ముల్లు కదల్లేదు.

"నాలుగన్నాను" అంది అత్తగారు.

"అన్నారు."

భర్త కంటి అద్దం తీసేశాడు. కండక్టరమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. గ్లాసు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఆ గ్లాసు అక్కడ పెట్టి ఇలా రా" అంది అత్తగారు. "నాలుగు ఎందుకన్నానో తెలుసా? నీరసం వస్తే నువ్వు చెప్పవు, దాస్తావు. గుమ్మడికాయలు పగిలితే గానీ నాకు తెలియలేదు. అదీ నా భయం. అటక మీద నాలుగు కిలోలు పెట్టుకుని కూడా వచ్చి నోరు విప్పావు. అలాంటిదానివి కళ్ళు తిరిగితే చెప్పకపోవులే." గింజల్ని గుడ్డతో సహా ఎత్తి, నాలుగు కొసలూ మడిచి, అలవాటైన చేతులతో చుట్టి కోడలి చేతుల్లో పెట్టింది. "మూడూ నాలుగొందలంటే బొద్దు బిడ్డే. వీడు పుట్టినప్పుడు రెండున్నర, ఏం, బతకలేదా? డిశ్చార్జ్ చేస్తున్నాను. ఆ తక్కువైనవి సంపాదించి, పదిహేనో తారీఖున చెకప్‌కి తీసుకురా."

"మంచిదే" అన్నాడు భర్త, ఈసారి అద్దం లేకుండానే.

ఒకటో తారీఖు పొద్దున చివరి స్టాపులో బస్సు తిరిగి నిలబడింది. డ్రైవరు టీ తాగుతుంటే, కండక్టరమ్మ గాలి వాలు చూసుకుని అతని పక్కకు జరిగి నిలబడింది. టీ వాసన ఏ స్టాపులో పండిందని ఎవరూ అడగరు కదా. శనగలమ్మ గోతాలతో ఎక్కింది. "ఇవాళైనా అడుగు, ఎక్కడ పండాయో" అని కన్ను గీటింది. కండక్టరమ్మ లగేజీ టికెట్టు కొట్టి, దాని వెనక పెన్నుతో "ఓడ" అని రాసి ఇచ్చింది. శనగలమ్మ చదివి, పకపకా నవ్వి, రాసిన వైపే పైకి పెట్టి గోతానికి గుచ్చుకుంది.

ఇటుక బట్టీల దగ్గర గడ్డిమోపు వదిన మోపు ఎక్కించి, కిటికీ పక్కన కూర్చుని అంది.

"నీ మీద ఒకరికి కోపంగా ఉంది."

"నా మీదా? ఎవరికి?"

"అలసందలు తినడం మరిగింది గదా. రెండు రోజుల నుంచి తొట్టిలో మొహం పెట్టి వెతుక్కుంటోంది. అదే, ఆ రోజు బస్సు వెంట పరుగెత్తిందే, అది. ఇప్పుడు ఇంత పొడుగైంది. నేనే తోలుకొచ్చి కట్టేసుకున్నాను."

కండక్టరమ్మ కిటికీలోంచి వంగి చూసింది. కంచె పక్కన ఎర్రటి పెయ్య ఒకటి బస్సు వంకే చూస్తూ నిలబడి ఉంది. సంచిలో చెయ్యి పెట్టి, టిఫిను డబ్బా మూత తీసి, ఉడికించిన అలసందలు ఒక గుప్పెడు తీసింది. ఒక్క నిమిషం ఆపమని డ్రైవరుకు కేక వేసి, దిగి వెళ్ళింది.

"త్వరగా రా చెల్లెమ్మా, టైము!" అని అరిచాడు డ్రైవరు.

పెయ్య ఆమె అరచేయి నాకి శుభ్రం చేసింది. కండక్టరమ్మ వెనక్కి పరుగెత్తుకొచ్చి, ఫుట్‌బోర్డు ఎక్కి, ఈసారి మరిచిపోకుండా విజిల్ వేసింది.