ఇరవై గేజి సంబంధం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లేదని నాకొక్కడికే తెలుసు. డిప్లొమా చేసి ఏర్పేడు దగ్గర రేకు సామాన్లు చేసే ఒక షెడ్డులో పనికి చేరి ఏడాది కాలేదు. అప్పుడే రేకును వేలితో తట్టి, కళ్లు సగం మూసి, "ఇది ఇరవై గేజి" అని దాని మందం తేల్చేవాణ్ణి. (రేకు మీద చాక్‌పీసుతో రాసే ఉండేది.)

ఆ వేళకు మా దూరపు మామ ఒకాయన తిరుపతి బస్టాండు పక్కన టిఫిను హోటలు పెడుతూ, పొయ్యిల పైన పొగగూడు చేసిపెట్టమన్నాడు. ఆయన కూతుర్ని నాకిచ్చే మాట రెండిళ్లలోనూ నలుగుతోంది. "ఇరవై గేజి ఇనప రేకుతో సెయ్యప్పా. నీ పనితనం సూసినాకనే మిగతా మాట," అన్నాడు. చెప్పింది చేస్తే నా గొప్పేముంది? ఇనుము బరువు, పైగా తుప్పు. అల్యూమినియమైతే తేలిక, వెండిలా మెరుస్తుంది, గేజి ఎలాగూ ఇరవయ్యే కదా అని మార్చేశాను. గేజి ఒట్టి నంబరనీ, ఆ నంబరుకు ఒక్కో లోహంలో ఒక్కో మందమనీ నాకు తట్టలేదు. తిరుపతిలో వెంకటేశులు ఎందరున్నా అందరికీ ఒకే చొక్కా పట్టదు కదా! ఇరవై గేజి అల్యూమినియం, అదే నంబరు ఇనుము కంటే పలచన, మెత్తన కూడా.

ప్రారంభం నాడు టెంకాయ కొట్టి, పొగ లాగే ఫ్యాను వేశారు. గూడు ఒకసారి డొక్క లోపలికి పీల్చుకుని, మళ్లీ ఉబ్బి, డబడబా మొదలుపెట్టింది. ఇడ్లీ తుంచే చేతులు ఆగిపోయాయి. మామ తలెత్తి చాలాసేపు విన్నాడు.

"ఏమప్పా, పొగగూడు సెయ్యమంటే పలకలు కట్టించినావే. ఎవురో పోయినారనుకుంటారు జనం." (మా వైపు చావుకు కొట్టే డప్పులను పలకలంటారు.)

నా పెళ్లి కూడా ఆ పొగతోపాటే బయటికి పోతోందనుకున్నాను. అంతలో సాంబారు బకెట్టుతో వచ్చిన ఆయన కూతురు, నా వైపు చూడకుండానే, "మోగితే మోగనీ నాయనా, పొగైతే పోతాండాది గదా," అంది.

పెళ్లయింది. గూడు ఇనపది వేశాను. అయినా మామ మాత్రం ఇన్నేళ్లుగా నన్ను కొత్తవాళ్లకు "మా పలకల అల్లుడు" అనే పరిచయం చేస్తున్నాడు.

మొన్న వేసవిలో నన్నడగకుండా చిత్తూరు పోయి, మిద్దె మీద పందిరికి రేకులు తెచ్చుకున్నాడు. "అంగడాయన ఇరవై నాలుగు గేజి సాలన్నాడు. నేనూరుకుంటానా, ఇరవై ఎనిమిది అడిగి తెచ్చినా. సిత్రం సూడు, ధర గూడా తక్కువే." నంబరు పెరిగేకొద్దీ రేకు పలచబడుతుందని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోట్లో కాఫీ పోసుకున్నాను.

"మంచి పని చేసినారు మామా."

తొలివానకు ఇద్దరం ఆ పందిరి కిందే ఉన్నాం. మామ తలెత్తి చాలాసేపు విన్నాడు. పాపం, హోటల్లో ఆ రోజు నేను పెట్టిన ముఖమే ఇప్పుడు ఆయన పెట్టాడు. "ఏందప్పా ఈ మోత?" అని అరిచాడు.

ఆయన చెవి దగ్గరికి వంగి, మెల్లగా అన్నాను: "పలకలు బాగుండాయి మామా."